దేవుడికీ చుట్టాలుండాలి: జపాను తరహా కల్పిత లోకాలూ, నంద్యాల సీమ కొలుపులూ

కనుమ నాడు దిగువ అహోబిలంలో స్వామి పల్లకి పార్వేటకు బయలుదేరే వేళ చెంచులు విల్లు ఎక్కుపెట్టి పల్లకి వైపు బాణం వేస్తారు. చూస్తున్న జనంలో ఒక్కరూ దాన్ని అపచారం అనుకోరు. నరసింహస్వామి చెంచులక్ష్మిని చేసుకున్నాడు కాబట్టి ఆయన చెంచులకు అల్లుడు. అల్లుణ్ణి ఆటపట్టించే హక్కు అత్తవారికి ఉంటుంది. ఆ బాణం పడ్డాక పల్లకి ఆళ్లగడ్డ, రుద్రవరం, ఉయ్యాలవాడ, చాగలమర్రి వైపు పల్లెల దారి పడుతుంది.

కల్పిత లోకాన్ని కట్టబోయే రచయిత ఎవరైనా ఈ ఒక్క ఘట్టం దగ్గర ఆగి ఆలోచించాలని నా కోరిక. ఆ లోకంలో జనం ఎవరికి మొక్కుతారు, ఎలా మొక్కుతారు, మొక్కకపోతే ఏమవుతుంది అన్న ప్రశ్నలకు జవాబు లేకుండా ఏ లోకమూ నిలబడదు. గత ముప్పై ఏళ్లలో కథలూ సినిమాలూ కార్డుల ఆటలూ వీడియో గేములూ ఆ జవాబు కోసం తరచుగా జపాను వైపు చూశాయి. ఎర్రటి తోరణద్వారం, నక్క ముసుగు, కాగితపు దీపం, కొండ మీద పాత గుడి ఇప్పుడు ప్రపంచమంతటి కుర్రకారుకూ తెలిసిన బొమ్మలు. మన తెలుగు పిల్లలూ వాటినే గీస్తున్నారు, వాటి మీదే కథలు అల్లుతున్నారు. ఆ లోకాల్లో దేవుళ్లు ఎంతవరకు దేవుళ్లుగా నిలిచారు, ఎక్కడ తేలిపోయారు అని చూడటానికి నేను పెట్టుకున్న కొలబద్ద పాణ్యం నుంచి అహోబిలం దాకా, ఎర్రమల నుంచి నల్లమల దాకా పరుచుకున్న మన నంద్యాల సీమ. జపాను పాత కొలుపులకూ ఈ సీమ కొలుపులకూ ఉన్న పోలికలు పైపైవి కావు కాబట్టి ఈ కొలబద్ద న్యాయమైనదే.

ముందు కల్పిత లోకాల సంగతి. 1995లో అమెరికాలో వచ్చిన 'లెజెండ్ ఆఫ్ ది ఫైవ్ రింగ్స్' అనే కార్డుల ఆట రొకుగాన్ అనే సామ్రాజ్యాన్ని పుట్టించింది. సూర్యచంద్రుల బిడ్డలు ఆకాశం నుంచి నేల మీద పడతారు. ఒకడు చక్రవర్తి అవుతాడు. కొందరు గొప్ప వంశాలకు మూలపురుషులవుతారు. ఒకడు పాతాళంలోకి జారి అందరికీ శత్రువవుతాడు. నేల, నీరు, నిప్పు, గాలి, శూన్యం అనే అయిదింటిలోనూ ఆత్మలుంటాయి. షుగెంజా అనే పూజారులు వాటిని ప్రార్థించి పని చేయించుకుంటారు. వీటికి తోడు ఏడుగురు భాగ్యదేవతలు, పితృదేవతలు, బుద్ధుణ్ణి తలపించే ఒక గురువు బోధ. షింటో, బౌద్ధం, పితృపూజ మూడూ ఒకే ఇంట్లో కాపురం చేసే జపాను పద్ధతిని ఈ లోకం బాగానే పట్టుకుంది. అయితే ఆట ఆటే. యుద్ధం మధ్యలో ప్రార్థన ఒక మీటలా పనిచేస్తుంది. నొక్కితే మంట వస్తుంది, మళ్లీ నొక్కితే గాయం మానుతుంది. ఆ దేవుడు నిన్న ఎవరింట భోజనం చేశాడో, ఎవరి మీద అలిగాడో అడిగే తీరిక ఆడేవాడికి ఉండదు.

2006లో వచ్చిన 'ఓకామి' అనే వీడియో గేము ఇంకో అడుగు వేసింది. సూర్యదేవత అమతెరాసు తెల్లని తోడేలు రూపంలో, జనం తనను మరచిపోయిన దేశంలో తిరుగుతుంది. ఎండిన చెట్టు పూయించినా, ఆకలిగొన్న జంతువుకు తిండి పెట్టినా, మనిషికి సాయపడినా ఆమెకు బలం పెరుగుతుంది. భక్తుడి కృతజ్ఞత దేవుడికి ఆహారం అన్న ఆలోచన ఇందులో నిజాయితీగా ఉంది. మన పల్లెల్లో అమ్మవారికి ఏడాదికోసారి బోనం పెట్టకపోతే ఆమె చిక్కిపోతుందని చెప్పే ముసలమ్మలకు ఈ ఆట వెంటనే అర్థమవుతుంది.

ఈ వరుసలో అన్నిటికంటే మిన్న హయావో మియజాకి సినిమాలే. 1997 నాటి 'ప్రిన్సెస్ మోనోనోకె' మొదట్లోనే, ఇనుప గుండు తగిలి పిచ్చెత్తిన అడవిపంది దేవుడు ఒక పల్లె మీదికి ఉరుకుతాడు. ఊరి యువకుడు అతన్ని చంపక తప్పదు. అప్పుడు ఊరి ముసలి పెద్ద, చస్తున్న ఆ దేవుడి ముందు తలవంచి, పడిన చోటే దిబ్బ కట్టి కర్మలు చేస్తామని మాట ఇస్తుంది. తమ ఊరిని తొక్కబోయిన దేవుడికి ఆ మర్యాద. నిమిషం కూడా పట్టని ఆ ఘట్టంలో కొలుపు అంటే ఏమిటో మొత్తం ఉంది. 2001 నాటి 'స్పిరిటెడ్ అవే'లో అపార్ట్‌మెంట్ల కోసం పూడ్చేసిన ఒక చిన్న నదికి దేవుడు ఇల్లు లేనివాడై, పేరు మరచిపోయి, ఒక మంత్రగత్తె దగ్గర పనివాడుగా బతుకుతుంటాడు. మియజాకి దేవుళ్లకు చిరునామా ఉంది. ఆ చిరునామా పోతే వాళ్లూ పోతారు.

చిరునామా అన్న మాట దగ్గరే అసలు జపాను గురించి చెప్పాలి. 927లో పూర్తయిన 'ఎంగిషికి' అనే రాజశాసన గ్రంథం తమ దేశంలో రాజగౌరవం అందుకునే గుళ్లు 2,861 అనీ, వాటిలోని దేవతలు 3,132 మంది అనీ లెక్క రాసింది. జనం నోట మాత్రం కామిలు, అంటే దేవతలు, ఎనభై లక్షల మంది. కొండ, జలపాతం, పాతచెట్టు, పాము, పొలం గట్టు, చనిపోయిన పెద్దమనిషి, ఎవరైనా కామి కావచ్చు. నారా దగ్గర ఓమివా గుడికి గర్భాలయమే లేదు. వెనక ఉన్న మివా కొండే దేవుడి ఒళ్లు. అక్కడి నుంచి ఎగువ అహోబిలం ఉగ్రస్తంభం ఎక్కేవాడికి ఎంతో దూరం అనిపించదు. చీలిన కొండ మొనే అక్కడ కంబం. హిరణ్యకశిపుడి సభ ఎక్కడుందని అడిగితే చేయి చాపి లోయను చూపిస్తారు.

మన సీమ రాళ్లకు ఇంకో గౌరవం కూడా ఉంది. 19వ శతాబ్దంలో ఇక్కడి నేలను చదివిన భూగర్భ శాస్త్రజ్ఞులు రాతిపొరలకు ఇక్కడి ఊళ్ల పేర్లే పెట్టారు. బనగానపల్లె, నర్జి, ఔకు, పాణ్యం, కోవెలకుంట్ల, నంద్యాల అని ఆ పొరల వరుస. పాణ్యం క్వార్ట్‌జైట్ అనే గట్టి రాయి పేరు ఈనాటికీ పాఠ్యపుస్తకాల్లో ఉంది. ఈ కొండల సందుల్లోంచి, సున్నపురాతి గుహల్లోంచి నీళ్లు ఊరిన చోటల్లా ఒక దేవుడు వెలిశాడు. మహానందిలో లింగం కిందినుంచి ఊట వచ్చి, కోనేరు నిండి, బయటికి పారి అరటితోటలు తడుపుతుంది. ఆవు గిట్ట తగిలి లింగం అణిగిందన్న కథ ఒకవైపు, బాదామి చాళుక్యుల కాలపు శైలిలో ఉన్న విమానం మరోవైపు. కానీ అక్కడి రైతును అడిగితే ముందు చెప్పేది నీళ్ల సంగతే. చుట్టూ ఉన్న తొమ్మిది నందులనూ కార్తీకంలో పొద్దుపొడుపు నుంచి పొద్దుగూకేలోగా చుట్టి రావడం ఇక్కడి ఆచారం. దేవుణ్ణి చూడటం, తమ నేలను ఒకసారి నడిచి రావడం, రెండూ ఆ ఒక్క పగట్లోనే జరిగిపోతాయి.

యాగంటిలో మరో సంగతి చూడండి. కల్పిత లోకాలు రాసేవాళ్లు తమ లోకానికి నియమాలుండాలని తరచూ అంటుంటారు. యాగంటి నియమం ఇది: తపస్సుకు అడ్డొచ్చిన కాకులను అగస్త్యుడు శపించాడు, అందుకే అక్కడ కాకులు వాలవు. కాకి శనికి వాహనం కాబట్టి శనికీ అక్కడ ప్రవేశం లేదు. ఒక చిన్న శాపం నుంచి గ్రహచారం దాకా ఎంత పద్ధతిగా తర్కం నడిచిందో గమనించండి. పక్కనే ఉన్న నంది ఏటేటా పెరుగుతుందనీ, పూర్వం చుట్టూ తిరిగేవారనీ, ఇప్పుడు జాగా చాలడం లేదనీ పెద్దలు చెబుతారు. ఆ సీమలోనే రవ్వలకొండలో పోతులూరి వీరబ్రహ్మం జరగబోయేది చెప్పే కాలజ్ఞానం రాశాడని నమ్మకం. పెరిగే నందీ, ముందుకు నడిచే కాలమూ ఒకే కథలో కలిసిపోయాయి.

పాణ్యం మండలంలోని ఎస్.కొత్తూరు సుబ్బరాయుడి కథ నాకు ఇంకా ఇష్టం. పొలం దున్నుతున్న రైతు నాగలికి తగిలి పాము రూపంలో స్వామి బయటపడ్డాడని స్థలకథ. ఆదివారాలు అక్కడ జనం కిటకిటలాడతారు. సంతానం కోసం, నాగదోషం పోవడం కోసం పాలు పోస్తారు. ఇప్పుడు జపానులో హితాచి ప్రాంతపు 'ఫుదోకి' గ్రంథంలోని కథ వినండి. 713లో చక్రవర్తిని ఆజ్ఞపై ప్రాంతాలవారీగా రాయించిన స్థలవృత్తాంతాల్లో అది ఒకటి. మతాచి అనే పెద్దమనిషి రెల్లుపొదలు కొట్టి మాగాణి చేస్తుంటే కొమ్ములున్న పాము దేవతలు అడ్డొస్తాయి. అతను వాటిని కొండ అంచు దాకా తరిమి, అక్కడ ఒక గుంజ పాతి, దీనికి పైన మీ రాజ్యం, కింద మా మళ్లు, నేనే మీకు పూజారినై తరతరాలా కొలుస్తాను, మా మీద పగ పట్టకండి అని ఒప్పందం చేసుకుంటాడు. కొన్ని తరాల తర్వాత చెరువు కట్టడానికి వచ్చిన అధికారి ఒకడు ఆ ఒప్పందాన్ని లెక్కచేయక, అడ్డొచ్చిన ప్రాణినల్లా చంపమని ఆజ్ఞ ఇస్తాడు. సాగు మొదలైన ప్రతి చోటా ఈ తగువు ఉంది. నాగలి ఎవరి ఇంటి మీద నడిచిందో ఆ ఇంటివాడికి గుడి కట్టి మనిషి బాకీ తీర్చుకున్నాడు. జపాను తరహా లోకాల్లో పాము దేవతలు బోలెడు. గుంజ పాతిన మతాచి లాంటివాడు మాత్రం అరుదు. అతను లేకపోతే పాము ఉత్త భూతమే.

దేవుళ్ల మంచి చెడ్డల విషయంలో కల్పిత లోకాలు ఇంకా పెద్ద పొరపాటు చేస్తాయి. పాతాళంలో ఒక దుష్టదేవుణ్ణి కూర్చోబెట్టి, పైన శిష్టులను కూర్చోబెట్టి, మధ్యలో కత్తియుద్ధం పెడతాయి. అసలు జపానులో ఒకే కామికి కోపపు ఆత్మ, శాంతపు ఆత్మ అని రెండుంటాయి. ఇసే క్షేత్రంలో అమతెరాసు శాంతరూపానికి ప్రధాన ఆలయం ఉంటే, ఆమె ఉగ్రాత్మకు అరమత్సురి అనే వేరే గుడి అదే ఆవరణలో ఉంది. ఇది చదివాక అహోబిలం తొమ్మిది నరసింహాలను తలచుకోండి. జ్వాలా నరసింహుడు పేగులు తీస్తాడు. నాలుగు అడుగులు దిగితే మాలోలుడు లక్ష్మిని తొడ మీద కూర్చోబెట్టుకుని ఉంటాడు. ఇంకాస్త నడిస్తే ఛత్రవట నరసింహుడు పాట వింటూ తాళం వేస్తుంటాడు. యోగానందుడు ప్రహ్లాదుడికి యోగం నేర్పుతాడు. ఒకే దేవుడి మనసు ఎన్ని మలుపులు తిరిగిందో అడవి దారే చెబుతుంది. ఎక్కే దమ్ము ఉన్నవాడికి మొత్తం తెలుస్తుంది, లేనివాడికి దిగువన ప్రహ్లాదవరదుడి దర్శనంతో పుణ్యం దక్కుతుంది. అమ్మవార్ల సంగతి చెప్పనక్కర్లేదు. సుంకులమ్మ, మారెమ్మ, పెద్దమ్మ జబ్బు తెచ్చేదీ వాళ్లే, నయం చేసేదీ వాళ్లే. శ్రీశైలంలో చైత్ర పౌర్ణమి తర్వాత వచ్చే మంగళవారమో శుక్రవారమో జరిగే కుంభోత్సవంలో భ్రమరాంబ ఉగ్రాన్ని తీర్చడానికి కుప్పలుగా గుమ్మడికాయలు, నిమ్మకాయలు, కొబ్బరికాయలు సమర్పిస్తారు. స్త్రీవేషం వేసుకున్న పురుషుడు కుంభహారతి ఇస్తాడు. జంతుబలి ఆగినా అమ్మ ఆకలి తీర్చే బాధ్యత ఆగలేదు.

చనిపోయినవాడి కోపం కూడా జపానులో దేవుడవుతుంది. సుగవారా మిచిజానే అనే పండితమంత్రి దొంగ నింద మీద ప్రవాసంలో 903లో చనిపోయాడు. 930లో రాజప్రాసాదం మీద పిడుగు పడితే అది ఆయన పగే అనుకుని భయపడి గుడి కట్టారు. ఇప్పుడు పరీక్షలు రాసే పిల్లలు ఆయనకే మొక్కుతారు. మనకు కోవెలకుంట్లలో 1847 ఫిబ్రవరి 22న బ్రిటిషువాళ్లు ఉరితీసిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి ఉన్నాడు. ఆయన తలను 1877 దాకా కోట బురుజుకు వేలాడదీసి ఉంచారు. ఆయన మనకు పాటగా మిగిలాడు, తరాల తరబడి జనం పాడుకుంటూనే ఉన్నారు. జపానులో పుట్టి ఉంటే పిడుగుల దేవుడై ఉండేవాడని నాకు అనిపిస్తుంది.

మళ్లీ చుట్టరికం దగ్గరికి వస్తాను, నా దృష్టిలో మొత్తం విషయానికి ఇదే గుండెకాయ. అహోబిలం స్వామి పెళ్లి కథలో చెంచులు ఊరికే పిల్లనివ్వలేదు. తేనె తీయగలవా, గడ్డలు తవ్వగలవా, వేట తేగలవా అని పరీక్ష పెట్టారు. హిరణ్యకశిపుణ్ణి చీల్చిన గోళ్లతో స్వామి గడ్డలు తవ్వాడు. 1943లోనూ 1958లోనూ 'చెంచులక్ష్మి' పేరుతో సినిమాలు వచ్చాయంటే ఆ కథ జనం మనసులో ఎంత తడిగా ఉందో తెలుస్తుంది. శ్రీశైలం మల్లన్నను చెంచులు చెంచు మల్లయ్య అంటారు, ఆయనా వాళ్ల ఇంటి అల్లుడే. ఉగాదికి కాలినడకన వచ్చే కన్నడ భక్తులకేమో భ్రమరాంబ తమ ఆడపడుచు, అందుకే పసుపుకుంకుమలు, సారె తెస్తారు. ఒకే కొండ మీద రెండు వేరువేరు జాతులు ఒకే దంపతులకు రెండు వైపుల చుట్టాలు. ఏ తత్త్వగ్రంథమూ ఇంత తేలిగ్గా అడవినీ మైదానాన్నీ, ఒక భాషనూ ఇంకో భాషనూ కలపలేదు.

పార్వేట కూడా చుట్టరికపు పనే. దాదాపు నలభై రోజులు ముప్పైకి పైగా ఊళ్లు తిరిగి, ఫాల్గుణంలో జరిగే తన కల్యాణానికి రమ్మని స్వామి స్వయంగా పిలుస్తాడు. జ్వాలా నరసింహుడూ ప్రహ్లాదవరదుడూ కలిసి ప్రయాణిస్తారు. పల్లకి వచ్చిన రోజే ఆ ఊరికి పండుగ. ఆడపిల్లలు పుట్టిళ్లకు వస్తారు, కొత్తబట్టలు కడతారు. పెళ్లికి పిలవడానికి గడప గడపకూ వచ్చే పెద్దమనిషి ఎవరైనా ఉన్నారంటే వాళ్లింట మనకు లెక్క ఉన్నట్టే. జపాను పల్లెల్లో కొండదేవుడు వసంతంలో దిగి వచ్చి మడిదేవుడవుతాడనీ, కోతలయ్యాక మళ్లీ కొండెక్కుతాడనీ నమ్మకం. పండుగనాడు మికోషి అనే పల్లకిలో కామిని ఊరేగిస్తారు. కల్పిత లోకాల్లో ఊరేగింపులు కంటికి ఎంత బాగుంటాయో కథకు అంత పరాయిగా ఉంటాయి. ఆ పల్లకి ఎవరి వాకిట్లో ఆగింది, ఎవరి వాకిట్లో ఆగలేదు, ఆగనందుకు ఎవరు ఏడ్చారు అన్నది రాస్తే కదా అది కొలుపయ్యేది!

పేర్లు ఇంకో సాక్ష్యం. మన బడుల హాజరుపట్టీ తీస్తే ఓబులేసు, ఓబులమ్మ, మద్దిలేటి, మహానంది, సుబ్బరాయుడు, మల్లికార్జున, చౌడమ్మ, సుంకన్న వరుసగా కనిపిస్తారు. వాళ్ల మధ్యే హిందువుల ఇళ్లలో పుట్టిన దస్తగిరీ మస్తానూ ఉంటారు, దర్గాలో మొక్కుకుంటే పుట్టిన బిడ్డలు. పీర్ల పండుగలో గుండం తొక్కేవాళ్లలో ఎవరు ఏ మతమో చూసి చెప్పలేం. ఏ దేవుడి దయ వల్ల బిడ్డ నిలిచాడో ఆ పేరు జీవితాంతం మోస్తాడు. రొకుగాన్‌లో ఇంత మంది దేవుళ్లుండి కూడా, బిడ్డకు పేరెందుకు పెట్టారో చెప్పే ఘట్టం నాకు కనిపించలేదు.

దేవుళ్లు వలస పోవడం, కలిసిపోవడం కూడా ఈ ప్రశ్నలో భాగమే. జపాను సప్తభాగ్యదేవతల్లో ముగ్గురు మనవాళ్లు: బెంజైతెన్ సరస్వతి, దైకొకుతెన్ మహాకాలుడు, బిషమొంతెన్ కుబేరుడు. బౌద్ధంతో పాటు చైనా మీదుగా వెళ్లారు. బెంజైతెన్ గుళ్లు ద్వీపాల్లో, చెరువు గట్ల మీద ఉంటాయి, సరస్వతి మొదట నదే కదా. మన నంద్యాల జిల్లాలోనే కొత్తపల్లి మండలంలో నల్లమల అంచున చారుఘోషిణి వాగు పక్కన కొలనుభారతి ఉంది. చదువులతల్లిని ఇక్కడా నీళ్ల పక్కనే కూర్చోబెట్టారు. ఆమే జపాను దాటి రొకుగాన్ చేరేసరికి బెంటెన్ పేరుతో ప్రేమకు అధిదేవత అయింది. నది, వాక్కు, వీణ, సంపద, చివరికి ప్రేమ: ఒక దేవత ఇన్ని బతుకులు బతకడం చూస్తే కల్పిత లోకాన్ని చిన్నచూపు చూడబుద్ధి కాదు. అదీ ఆమె ప్రయాణంలో ఒక మజిలీ.

కలిసిపోయినప్పుడు ఏదో ఒకటి అణిగిపోతుందన్న మాట కూడా దాచకూడదు. 1943లో 'ది చెంచూస్' పుస్తకం రాసిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ చెంచుల గారెలమైసమ్మను వివరంగా వర్ణించాడు. వేటనూ అడవి తిండినీ ఇచ్చే తల్లి ఆమె. తిండి దొరికితే ముందు ఆమెకు కొంచెం విడిచి తర్వాతే తింటారు. గుడి లేదు, విగ్రహం లేదు, పూజారి లేడు. చెంచులక్ష్మి పెళ్లిలో అడవికి గౌరవం దక్కింది, కానీ మైసమ్మ పేరు గోపురం దాకా రాలేదు. పావన నరసింహుణ్ణి పాములేటి నరసింహుడని కొలిచే అడవి జనం మొక్కులు దిగువ గుడి ఆగమానికి దూరంగానే ఉన్నాయి. తిరుమంగై ఆళ్వారు పాశురాల్లోనే ఈ కొండ మీద విల్లు పట్టిన వేటగాళ్లు ఉన్నారు. వాళ్ల వైపు నుంచి కథ చెప్పినవాళ్లు తక్కువ.

రాయి దేవుడయ్యే క్షణం ఆళ్లగడ్డలో రోజూ ఎవరో ఒకరి చేతి కింద దగ్గరపడుతుంటుంది. రోడ్డు పక్కన శిల్పుల షెడ్లలో సగం చెక్కిన నందులు, అమ్మవార్లు, నాయకుల బొమ్మలు దుమ్ములో నిలబడి ఉంటాయి. అప్పటికి అవి సరుకే. ఉలికి, గుడికి మధ్య ఒక తంతు ఉంది: నేత్రోన్మీలనం. కన్ను తెరిచాక శిల్పి కూడా మొక్కాల్సిందే. 752లో నారాలోని తోదైజి మహాబుద్ధుడికి కన్ను తెరిచింది మన దేశం నుంచి వెళ్లిన బోధిసేనుడనే భిక్షువు. కుంచె పట్టి ఆయన కంటిపాప దిద్దుతుంటే ఆ కుంచెకు కట్టిన దారాలు జనం పట్టుకుని ఆ పుణ్యంలో పాలు పంచుకున్నారు. జపాను తరహా లోకం రాసేవారు ఖడ్గం చేసే కమ్మరి మీద పేజీలకు పేజీలు ఖర్చుపెడతారు. దేవుణ్ణి చెక్కి, చివరి దెబ్బ కొట్టి, ఆపై తానే చేతులు జోడించే శిల్పి మీద ఒక్క అధ్యాయం రాసినా ఆ లోకం బరువు మారిపోతుంది.

సంగమేశ్వరం గురించి చెప్పకుండా ముందుకు పోలేను. శ్రీశైలం జలాశయం నిండితే ఆ గుడి మునిగిపోతుంది. నీళ్లు తీసిన ఎండాకాలంలో బయటపడుతుంది. వేపదారు లింగం అన్ని నెలలు నీటిలో ఉండి మళ్లీ పూజలందుకుంటుంది. నీరు శిఖరాన్ని ముంచే వేళ పూజారి పడవలో వెళ్లి కడసారి హారతి ఇస్తాడు. అదే జలాశయం కోసం రూపాల సంగమేశ్వరాన్ని రాయి రాయి విప్పి కర్నూలు జగన్నాథగట్టు మీద తిరిగి కట్టారు. ఒక గుడి కదిలి బతికింది, ఒకటి కదలకుండా మునుగుతూ తేలుతూ బతుకుతోంది. మియజాకి పూడ్చిన నదికి దేవుణ్ణి ఊహించాడు. ఇక్కడ నదే పొంగి దేవుణ్ణి కప్పేస్తే, ఆయన తిరిగి వచ్చే రోజు కోసం ఊళ్లు ఎదురుచూస్తాయి.

ఇక అధికారం. 1868లో జపాను ప్రభుత్వం కామిలనూ బుద్ధులనూ విడదీయమని ఆజ్ఞ ఇచ్చింది, వెయ్యేళ్ల ఉమ్మడి కాపురం తెగిపోయింది. 1906 నుంచి చిన్న గుళ్లను పెద్ద గుళ్లలో కలిపేశారు. 1914 నాటికి దాదాపు 70 వేల గుళ్లు మాయమయ్యాయి, వాటి చుట్టూ ఉన్న పాత చెట్లు కలపగా మారాయి. మినకతా కుమగుసు అనే ప్రకృతి శాస్త్రవేత్త దీన్ని ఎదిరించి 1910లో కొద్ది రోజులు నిర్బంధంలో ఉన్నాడు. గుడి పోతే వనం పోతుంది, వనం పోతే ఊరు విడిపోతుంది అన్నది ఆయన వాదన. మన నల్లమలలో గుండ్ల బ్రహ్మేశ్వరుడి పేరు మీదే 1990లో వన్యప్రాణి అభయారణ్యం ఏర్పడింది, 1,194 చదరపు కిలోమీటర్లు. దేవుడి పేరు అడవికి కంచె అయిన సందర్భం ఇది. గుడి ఎవరిది అన్న తగువూ మనకు కొత్తది కాదు. అహోబిలం ఆలయానికి ప్రభుత్వం కార్యనిర్వహణాధికారిని నియమించడం చెల్లదని 2022 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పు ఇచ్చింది. ఆలయం అహోబిల మఠంలో అంతర్భాగం అన్నది అందులో కీలకం. 2023 జనవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పులో జోక్యం చేసుకోలేదు. హుండీ, మాన్యాలు, వంశపారంపర్య హక్కులు, కోర్టు కాగితాలు లేని దేవుడు పుస్తకంలో మాత్రమే ఉంటాడు. కల్పిత లోకాల్లో పూజారులు మంత్రాలు చదువుతారు. వాళ్లకు జీతం ఎవరిస్తారో తెలిస్తే వాళ్ల దేవుడి మీద నమ్మకం పెరుగుతుంది.

తెలుగులో ఈ దారి మూసుకుపోయి లేదు. కాశీమజిలీ కథలున్నాయి. 1951 నాటి 'పాతాళభైరవి' ఉంది. 'చందమామ'లో దాసరి సుబ్రహ్మణ్యం రాసిన 'శిథిలాలయం', 'రాకాసి లోయ' లాంటి ధారావాహికలు ఒక తరం పిల్లల ఊహను పెంచాయి. వాటిలో అడవులు, కోయలు, పాడుబడ్డ గుళ్లు, మాంత్రికులు ఉన్నారు. దేవత ఎక్కువగా వరమిచ్చి మాయమయ్యేది. ఆమెకు పుట్టిల్లు, మెట్టినిల్లు, అలక, ఆకలి, తగువు ఉండేవి కావు. జపాను తరహా లోకాలకూ మన పాత జానపద కథలకూ ఉన్న ఉమ్మడి లోపం ఇదేనని నా తీర్పు. దేవుడి శక్తి ఎంతో చెబుతారు, ఆయన ఎవరికి ఏమవుతాడో చెప్పరు.

జపాను బొమ్మలు గీసే కుర్రవాళ్లను ఆపమని నేను అనను. నక్క ముసుగు వెనక పంటల దేవుడు ఇనారి పొలం ఉందని, ఆ పొలానికి రైతు ఉన్నాడని తెలుసుకుని గీస్తే చాలు. అయితే నల్లమల నుంచి ఒక లోకం రావాల్సి ఉంది. గారెలమైసమ్మ అందులో ప్రధాన దేవత కావాలి. అల్లుడుగా వచ్చిన సింహం ఆమెకు ఎలా మర్యాద చేశాడో, గోళ్లతో గడ్డలు తవ్వుతూ ఏం నేర్చుకున్నాడో చెప్పాలి. ఆ నవల రాసే చేయి చెంచు గూడెంలో పుట్టినదైతే ఇంకా మేలు. అక్కడి బడుల్లో చదువుకుంటున్న పిల్లలు ఇప్పుడు తెలుగు చక్కగా రాస్తున్నారు. పత్రికలు వాళ్లను వెతికి పేజీలు ఇవ్వాలి. ప్రచురణకర్తలు వాళ్ల అవ్వతాతల నోట ఉన్న కథలను వాళ్ల పేరుతోనే అచ్చు వేయాలి.